కాళోజీ అంటే ఒక్క మార్కు బిట్టేనా?

(డిగ్రీ విద్యార్థుల సాహిత్య సమావేశంల తెలుగు ఎం.ఏ. విద్యార్థి ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

 

‘కవిత్వం – చదువు – రాత’ అన్న విషయం మీద మాట్లాడుమని నన్ను పిలిచిన్రు. ఈ వేదిక మీద అందరి కంటె చిన్నోన్ని నేనే. నా పేరు మీద ఒక్క కవితా సంపుటి లేదు, ఒక్క అవార్డు లేదు. తెలుగు ఎం.ఏ. రెండో సంవత్సరం చదువుతున్న. ‘తెలుగు చదివి ఏం జేస్తవ్‌రా?’ అని ఏ పెండ్లికి పోయినా ఎవరో ఒక మామ అడుగుతనే ఉంటడు. కవిత్వం ఎట్ల రాయాలె అని చెప్పే తాహతు నాకు లేదు. చదువుకునే పిల్లగాడు చదువు గురించి ఏం చెప్తడో అదే చెప్పుత.

హైదరాబాద్ చిక్కడపల్లిల సిటీ సెంట్రల్ లైబ్రరీ ఉన్నది. మీల చానమంది చూసే ఉంటరు. పొద్దుగాల నించి పొద్దుమీకేదాక పోరగాండ్లు, పోరిలు కిక్కిరిసి ఉంటరు. కుర్చీ దొరుకకుంటే చెట్ల కింద, మెట్ల మీద కూసోని చదువుతరు. జిల్లా కేంద్రాలల్ల లైబ్రరీలు గూడ అట్లనే ఉన్నయి. తెలంగాణల లైబ్రరీలు ఖాళీగున్నయి, చదువు సచ్చిపోయింది అని ఎవరన్న అంటే నేను ఒప్పుకోను. లైబ్రరీలు నిండినయి. కాని చదివే పుస్తకం ఎక్కడిది? సంచిల ఇంటికాడి నించి తెచ్చుకున్నది. గైడు, కోచింగ్ మెటీరియలు, జిరాక్స్ నోట్సు. బీరువా అద్దాల ఎనుక సురవరం ప్రతాపరెడ్డి, వట్టికోట ఆళ్వారుస్వామి, దాశరథి, కాళోజీ నిలబడి చూస్తుంటరు. బీరువా తాళం చెవి ఎవరి దగ్గరున్నదో అడిగేటోడు తక్కువ.

ఆ పోరగాండ్లను నేను తప్పుపడుతలేను. రేపు నేను గూడ ఆ మెట్ల మీదనే కూసుంట. ఇంట్ల అమ్మ నాయిన ఎదురుచూస్తుంటరు. నోటిఫికేషన్ ఎప్పుడొస్తదో తెల్వది, వచ్చినంక కోర్టు కేసు ఎప్పుడొస్తదో తెల్వది. పొట్ట తిప్పలల్ల ఉన్నోన్ని పట్టుకొని ‘కవిత్వం చదువు బిడ్డా’ అని నీతులు చెప్పుడు నాకు నచ్చది. కాని అక్కడ్నే ఒక విచిత్రం ఉన్నది. ఆ గైడ్ల నిండ గూడ మన కవులే ఉన్నరు. గ్రూప్స్ సిలబస్‌ల తెలంగాణ ఉద్యమం ఉన్నది, చరిత్ర ఉన్నది, సంస్కృతి, సాహిత్యం ఉన్నయి. కాళోజీ నారాయణరావు పుట్టిన తేది 9 సెప్టెంబర్ 1914. ‘నా గొడవ’ 1953. పద్మవిభూషణ్ 1992. కన్ను మూసింది 13 నవంబర్ 2002. అర్ధరాత్రి లేపి అడిగినా తడుముకోకుంట చెప్తరు. ‘నా గొడవ’ల ఒక్క పేజీ చదివినవా తమ్మీ అంటే, ‘అది సిలబస్‌ల లేదన్నా’ అంటరు.

ఇది మనం ఓడిపోయినందుకు వచ్చిన కష్టం గాదు, గెలిచినంక వచ్చింది. 2011ల సకల జనుల సమ్మె జరిగినప్పుడు నేను మూడో తరగతి. బడి బందయిందని సంబురపడ్డ. ఎందుకు బందయిందో మా అన్నలకు, అక్కలకు తెలుసు. మా కవులు పాఠ్యపుస్తకాలల్ల ఏరి, మా మాట సినిమాల రౌడీకి, జోకర్‌కు మాత్రమే ఎందుకు పెడుతరు అని వాళ్లు అడిగిన్రు. 2014ల రాష్ట్రం వచ్చింది. కాళోజీ పుట్టినరోజు తెలంగాణ భాషా దినోత్సవమైంది. 2017 డిసెంబర్‌ల హైదరాబాద్‌ల ప్రపంచ తెలుగు మహాసభలు జరిగినయి. బడులల్ల తెలుగు తప్పనిసరి చేసే చట్టం 2018ల వచ్చింది. ‘జయ జయహే తెలంగాణ’ 2024ల రాష్ట్ర గీతమైంది. అదే ఏడు వరంగల్‌ల కాళోజీ పేరు మీద కళాక్షేత్రం తలుపులు తెరిచిన్రు. ఇవన్ని అడిగి, కొట్లాడి తెచ్చుకున్నయే. చిన్నగ చేసి మాట్లాడను. నా పేచీ ఒక్కటే. కవి బొమ్మకు దండ వేసినంత తేలికగ కవి పుస్తకం తెరుస్తలేము.

మన దిక్కు చదువుడు అంటేనే ఒక కొట్లాటగ ఉండె. ఆ ముచ్చట కొంచెం చెప్పాలె. నిజాం జమానాల పై చదువంత ఉర్దూల. 1918ల పెట్టిన ఉస్మానియా యూనివర్సిటీ గూడ ఉర్దూ మాధ్యమమే. ఉర్దూ తప్పు భాష అని నేను అంటలేను, దాని ముచ్చట తర్వాత వస్తది. కాని తెలుగోని బిడ్డ తెలుగు పుస్తకం చదువాలంటే బడి బయట చదువాలె. అందుకే 1901ల హైదరాబాద్‌ల శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం లేచింది. 1904ల హనుమకొండల రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం లేచింది. మన ఉద్యమాల పుట్టుక వెతుక్కుంట ఎనుకకు పోతే మొదలు తగిలేది సభ గాదు, లైబ్రరీ. సిరిసిల్ల దిక్కు హనుమాజీపేటల పుట్టిన సి. నారాయణరెడ్డి ఉర్దూ మాధ్యమంల చదువుకున్న పిల్లగాడే. తర్వాత తెలుగు ఎం.ఏ. చేసి, ఆధునిక తెలుగు కవిత్వం మీద పరిశోధన చేసి, 1988 సంవత్సరపు జ్ఞానపీఠం దాక పోయిండు. తరగతి గదిల దొరుకని భాషను ఆ తరం వెతుక్కుంట పోయి చదివింది.

ఆళ్వారుస్వామి సంగతి చూడుండ్రి. ఒకరింట్ల వంట చేసుకుంట అక్షరాలు నేర్చుకున్న మనిషి. 1938ల దేశోద్ధారక గ్రంథమాల పెట్టిండు. పుస్తకం అచ్చేసి ఊకోలే, సంచిల ఏసుకొని ఊరూరు తిరిగి అమ్మిండు. ‘ప్రజల మనిషి’ రాసిన నవలాకారునిగ మనకు పరీక్షల వస్తడు. పుస్తకాల మూట మోసిన మనిషిగ మాత్రం పరీక్షల రాడు. నాకైతే ఆ మూటనే పెద్దగ కనబడుతది.

దాశరథి కృష్ణమాచార్య నిజామాబాద్ జైల్ల ఉన్నప్పుడు బొగ్గుతోని గోడ మీద పద్యం రాసిండన్న సంగతి మీ అందరికి తెలుసు. స్టేజీల మీద వందసార్లు విన్నం. ఆ కథల బొగ్గు గురించి చెప్తరు, గోడ గురించి చెప్తరు, జైలు గురించి చెప్తరు. పద్యం గురించి చెప్పరు. కాగితం లేదు, పుస్తకం లేదు, పక్కన ఆళ్వారుస్వామి అసొంటి తోటి ఖైదీలున్నరు, బయట రాజ్యం మండుతున్నది. ఆ మనిషి నోట్లకెల్లి వచ్చింది ఉత్త కేక గాదు, గణాలు తప్పని పద్యం. ఎట్ల వచ్చింది? అంతకుముందు చదివింది వందల పద్యాలు లోపట ఉన్నయి గనుక వచ్చింది. ఆయన ‘అగ్నిధార’ 1949ల అచ్చయింది. తర్వాత ‘గాలిబ్ గీతాలు’ అని గాలిబ్‌ను తెలుగు చేసిండు. నిజాం మీద కొట్లాడి జైలుకు పోయిన కవి ఉర్దూ మీద కోపం పెట్టుకోలే. ఉర్దూ చదివిండు, ప్రేమించిండు, తెలుగుకు తెచ్చిండు. కోపం ఉంటే కవిత్వం అదే వస్తది అనుకునేటోళ్లకు ఇది చెప్పాలె.

ఇంక నాకు అన్నింటి కంటె ఇష్టమైన ముచ్చట గోలకొండ కవుల సంచిక. దాని మీద కొంచెం ఎక్కువ సేపు మాట్లాడుత, ఏమనుకోవద్దు.

నైజాం రాష్ట్రంల తెలుగు కవులే లేరు అన్నట్టు ఒకాయన రాసిండు. ఈ కాలంల అయితే ఏం చేస్తుంటిమి? ఫోన్ తీసి నాలుగు తిట్లు కొడుతుంటిమి. ఒక గంటల ట్రెండింగ్ అయితుండె, పొద్దుగూకేవరకు మరిచిపోతుంటిమి. సురవరం ప్రతాపరెడ్డి ఏం చేసిండు? 1926 నించి గోలకొండ పత్రిక నడుపుతున్న మనిషి. చేతుల పత్రిక ఉన్నది, తిట్టనీకి కాలాలు ఉన్నయి. తిట్లతోని ఆగలే. రాష్ట్రం నలుదిక్కుల నించి కవుల వివరాలు, పద్యాలు తెప్పించి, ఒక్కకాడ కూర్చి, 1934ల సంచిక ఏసిండు. 354 మంది కవులు. మూడువందల యాభై నాలుగు! ఏ ఊరోడు, ఏం రాసిండు, ఇదిగో పద్యం, చదువుకో అన్నడు.

ఇది జవాబు అంటే. ఈ 354 మందిల అందరు గొప్ప కవులా అంటే, కాదు. ఆ సంచిక తిరగేసినోనికి ఆ సంగతి తెలుస్తది. కొన్ని పద్యాలు అప్పటి అలవాటు పద్యాలే, దేవుని మీద, రుతువుల మీద, ఎవరో రాసిన దాని మీద మళ్ల రాసినయి. నేను దాచి చెప్పను. కాని ప్రతాపరెడ్డి అందులేసింది 354 మంది మహాకవులను గాదు, 354 ఊర్ల దీపాలను అనుకోండ్రి. చిన్న దీపం, పెద్ద దీపం. చీకటే ఉన్నదన్నోనికి అన్ని దీపాలు చూపెట్టాలె. ఇంకో సంగతి: ఆ పని చేసిన మనిషే తర్వాత ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ రాసిండు. రాజుల పేర్లు, యుద్ధాల తేదీలు కాదు, జనం ఏం తిన్నరు, ఏం కట్టిన్రు, ఏ ఆటలాడిన్రు అన్న చరిత్ర. దానికి ఆధారం ఎక్కడ దొరికింది? ఎక్కువ భాగం కావ్యాలల్ల దొరికింది. కావ్యాన్ని అలంకారాల కోసం గాకుంట, అందుల పూటకూళ్లింటి కోసం, సంత కోసం, గుడ్డ కోసం చదివిండు. 1955ల తెలుగుకు వచ్చిన మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు ఆ పుస్తకానిదే. ఒక పుస్తకాన్ని ఎన్ని తీర్ల చదువచ్చునో ఆ ఒక్క మనిషిని చూసి నేర్చుకోవచ్చు.

మన తరగతి గదిల చదువు ఎట్లున్నది? కవి కాలం, కవి బిరుదు, కృతిభర్త ఎవరు, ఎన్ని ఆశ్వాసాలు. ఇంటర్‌ల మార్కులు మంచిగ పడుతయని తెలుగు ఇడిసిపెట్టి సంస్కృతం తీసుకుంటున్నం. డిగ్రీల తెలుగు ఉన్నా, పరీక్ష ముందటి రాత్రి చదివే సబ్జెక్టు అది. ఎం.ఏ.ల గూడ పద్యం కంటె పద్యం మీద రాసిన నోట్సే ఎక్కువ తిరుగుతది. నేను వీలైనకాడికి ఒక పని చేస్తున్న. మూల పుస్తకం తెచ్చి, గట్టిగ చదువుడు. హాస్టల్ రూముల గట్టిగ చదివితే పక్కోడు దిండు ఇసిరేస్తడు, అది వేరే సంగతి.

మొన్న దసరా సెలవులకు పాల్కురికి సోమనాథుని బసవపురాణం పట్టుకొని ఇంటికి పోయిన. జనగామ జిల్లా పాలకుర్తి కవి. అప్పటి పండితులు మెచ్చే చంపూ కావ్యం ఇడిసిపెట్టి ద్విపద పట్టుకున్నోడు. ద్విపద అంటే పెద్ద భయమేం గాదు. రెండేసి పాదాలు, పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం. గణాలు తెల్వనోడు గూడ పాడుకోవచ్చు, నడక అట్ల కుదురుతది. కఠినమైన పద్యాల కంటె జనానికి అందే తెలుగు మేలని ఆయన ఊకె అనలే, ఆలోచించి తీసుకున్న నిర్ణయం అది. మన దిక్కు కవిత్వంల జనం మాట కోసం కొట్లాట కాళోజీతోని మొదలయిందనుకుంటం. అంతకు ఎన్ని వందల ఏండ్ల కిందనో అది పాలకుర్తిల మొదలైంది.

మా అమ్మ ఏడో తరగతి దాక చదివింది. ఆమెకు బెజ్జమహాదేవి కథ చదివి వినిపించిన. ఆ కథ మీకు తెల్వకపోతే రెండు మాటలల్ల చెప్పుత. శివునికి తల్లి లేదు గదా, తల్లి ఉంటే ఈ బూడిద పూసుకొని, విషం తాగి, అడవులు పట్టి తిరుగనిచ్చేదా అని ఒక భక్తురాలికి దుఃఖం వస్తది. నేనే తల్లినైత అని శివున్ని పసిపిల్లగాని లెక్క చూసుకుంటది. ఒంటికి నూనె రాసుడు, నీళ్లు పోసుడు, పాలు తాపుడు, ఆ పనులన్ని సోమనాథుడు వరుసగ చెప్పుకుంట పోతడు. నాకు తెల్వని పాత మాటలు వచ్చినకాడల్ల ఆగుతున్న. అమ్మ ఆగుతలేదు. ‘చదువు చదువు, నీళ్లు పోసినంక ఏం జేసింది?’ అంటది. చంటిపిల్లకు లాల పోసిన చెయ్యికి ఆ వరుస తెలుసు. ప్రతిపదార్థం నాకు కావాల్సి వచ్చింది, ఆమెకు కాలే. కథ అయినంక ఆమె ఒక మాటన్నది: ‘ఇది రాసినాయన ఇంట్ల ఆడోళ్ల పని చూసినోడు.’ బసవపురాణం మీద నేను చదివిన వ్యాసాలల్ల భక్తి గురించి ఉన్నది, ఛందస్సు గురించి ఉన్నది, మతం గురించి ఉన్నది. ఈ మాట నాకు ఎక్కడ కనబడలే. నా ప్రాజెక్టుల ఆమె మాట రాసుకున్న, ఎవరన్నరో గూడ రాసిన.

ఇక్కడ ఒకరు లేచి అడుగచ్చు. చదువకుంట కవులైనోళ్లు లేరా? అందెశ్రీ బడికి పోయిండా? అని. నిజమే, పోలే. పశుల కాసిండు, సుతారి పని చేసిండు, ఆయన పాటనే ఇయ్యాల రాష్ట్ర గీతం. 2025 నవంబర్‌ల ఆయన మనను ఇడిసిపోయిండు. కాని బడికి పోకపోవుడు, చదువకపోవుడు ఒక్కటి గాదు. పాట కట్టేటోళ్లు మస్తుగ వింటరు. రాత్రంత ఒగ్గు కథ విన్న పిల్లగానికి, చిందు భాగోతం ముందు నిద్రపోకుంట కూసున్న పిల్లగానికి లోపట ఒక పెద్ద గ్రంథమే జమ అయి ఉంటది. బతుకమ్మ చుట్టు తిరుగుకుంట ‘ఉయ్యాలో’ అని అందుకునే ఆడపిల్లకు వందల పాదాలు నోటికున్నయి. ఒకామె పాడుతుంటే మిగిలినోళ్లు అందుకోవాలె, ఆమె ఏం పాడబోతున్నదో చెవి పెట్టాలె. అది చదువే. మనకు వచ్చిన కష్టం ఏందంటే, ఆ వినుడు పోయింది, ఈ చదువుడు రాలే. రాత్రంత కథ చెప్పేటోళ్లు ఊరికి వస్తలేరు, పుస్తకం బీరువాల్నే ఉన్నది. నడుమ రీల్ ఒకటి ముప్పై సెకన్లు నడుస్తది.

కవిత్వం అయితే ఆగలే. బొచ్చెడు రాస్తున్నం. ప్రతి గ్రూపుల రోజుకొక కవిత. జగిత్యాల అలిశెట్టి ప్రభాకర్ చిన్న కవితలు స్టేటస్‌ల మస్తుగ తిరుగుతయి, కాని చానసార్లు కింద ఆయన పేరుండది. ఫోటో స్టూడియో పెట్టుకొని బతికిన మనిషి, క్షయ రోగంతోని 39 ఏండ్లకే పోయిండు. పుట్టింది 12 జనవరి 1954, పోయింది 12 జనవరి 1993. నాలుగు పాదాలల్ల కొట్టే దెబ్బ కోసం ఆయన ఎంత కోసేసిండో ‘మంటల జెండాలు’, ‘చురకలు’ పక్కపక్కన పెట్టుకొని చూస్తే తెలుస్తది. పొట్టి కవిత రాసుడు తేలిక అనుకునే తమ్ముళ్లు ఆ పని ఒక్కసారి చేయాలె.

ఇప్పుడు భాష. నా దోస్తు ఒకడు ఇంటర్నల్ పరీక్షల ‘ఉన్నది’ అని రాసిండు. పేపర్ దిద్దిన సారు ఎర్ర సిరతోని ‘ఉంది’ అని మార్చి అర మార్కు కోసిండు. ఇది రాష్ట్రం రాకముందటి ముచ్చట గాదు, వచ్చినంకనే. ‘ఉన్నది’ అన్నదే నిండు రూపం, ‘ఉంది’ అన్నది దాని కుదింపు. వ్యాకరణం చదివినోనికి ఇది తెల్వాలె. కోస్తాల రెండు మూడు జిల్లాల చదువుకున్నోళ్ల పలుకుబడి అచ్చు పుస్తకాలకెక్కి, అదే తెలుగు, మిగిలింది యాస అన్న అలవాటు చేతి వేళ్లల్ల ఉండిపోయింది. సర్కారు జీవో ఆ వేళ్లను మార్చది. ఈ సభల ఉపాధ్యాయులున్నరు, ఉద్యోగులున్నరు. పిల్లగాడు ‘ఉన్నది’, ‘వచ్చిండు’, ‘తెల్వది’ అని రాస్తే ఒక్క నిమిషం కలం ఆపండ్రి. తప్పు ఎక్కడున్నదో ఆలోచించండ్రి. మీకు నా విన్నపం.

కాని పెద్దోళ్ల దిక్కే వేలు చూపిస్తే నేను సగమే చెప్పినట్టు. మనం చేస్తున్నది గూడ చూడాలె. కవితల ‘గిట్ల’, ‘గట్ల’, ‘గీ’, ‘గా’ అని నాలుగు చల్లి తెలంగాణ కవిత అంటున్నం. అది కూర మీద కొత్తిమీర. భాష క్రియలల్ల ఉంటది, పని మాటలల్ల ఉంటది. ఇంకోటి, మోట గురించి రాస్తరు. తొండం, గిరక, మోకు, బొక్కెన అని మాటలు పేర్చుతరు. రాసినోని వయసు ఇరవై. మోటను ఎక్కడ చూసినవు తమ్మీ? తాత చెప్పిండు అంటే సంతోషం, తాత నోట ఇంకో పది మాటలు అడిగి రాసుకో, అవి పోతున్నయి. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంల మాండలిక వృత్తి పదకోశం వ్యవసాయ సంపుటి 1962ల, చేనేత సంపుటి 1971ల వచ్చినయి. లైబ్రరీల దొరికితే తెరువు. తాత మాట అందుల ఉన్నదా, ఏ జిల్లాల ఏమంటరో చూడు. ఒక్క మాట వెతుకపోతే పది మాటలు దొరుకుతయి. కాని నీ సొంత కవిత రాసేటప్పుడు నీ కండ్ల ముందట ఉన్నది మోట గాదు, బోరు. స్టార్టర్ డబ్బ ఉన్నది. కాలిపోయిన మోటరును బండి మీద ఏసుకొని మెకానిక్ దగ్గరికి తీసుకపోయిన మీ నాయిన ఉన్నడు. మూడో బోరు గూడ ఎండిపోయిన రోజు ఇంట్ల ఎవరు ఏం మాట్లాడిన్రో నువ్వు విన్నవు. ఆ మాట రాసేటోడు నీ ఇంట్లకెల్లి నువ్వొక్కనివే ఉన్నవు.

ఉద్యమ కవితల నించి మనకు ఒక మూటెడు మాటలు వచ్చినయి. నిప్పు, నెత్తురు, పిడికిలి, తల్లి, నాగలి. వాటిని మొదటిసారి వాడినోళ్లకు అవి పైసా పైసా కూడబెట్టిన సొమ్ము. మనం వారసత్వం కింద ఖర్చు పెడుతున్నం. మా డిపార్ట్‌మెంట్‌ల కవితల పోటీకి వచ్చిన కాగితాలు చూసే పని నాకు పడ్డది. ‘పిడికిలి’ లేని కాగితం వెతుక్కోవాల్సి వచ్చింది. అందులనే ఒక చెల్లె హాస్టల్ బాత్రూముల నీళ్లు రాని పొద్దుగాల గురించి రాసింది. బకెట్ల వరుస, ఆ వరుసల కులం ఎట్ల దూరిందో, ఎనిమిది పాదాలల్ల చెప్పింది. పిడికిలి అన్న మాట లేదు. నాకు ఇప్పటికి మనసుల తిరుగుతది. ఆ చెల్లెకు బహుమతి రాలే, అది గూడ చెప్పాలె.

ఉర్దూ ముచ్చట తర్వాత అన్న గదా. బజారు, దస్త్రం, జమానా, పరేషాన్, ఖుషీ. ఈ మాటలు తీసేస్తే మనం పొద్దుగాల లేచి చాయ్ తాగేదాక గూడ మాట్లాడలేము. కాళోజీ తల్లిది కన్నడ, తండ్రిది మరాఠీ. ఉర్దూ గూడ చదివిండు. నాలుగు భాషల నడుమ పెరిగిన మనిషే తెలంగాణ తెలుగుకు పెద్ద కొడుకైండు. ఖలీల్ జిబ్రాన్‌ను ‘జీవన గీత’ అని మనకు తెచ్చిందీ ఆయననే. మెదక్ దిక్కు అందోలుల 1908ల పుట్టిన మఖ్దూం మొహియుద్దీన్, మన రైతుల కోసం, కార్మికుల కోసం పని చేసిన కమ్యూనిస్టు నాయకుడు, ఉర్దూ కవి. ‘సుర్ఖ్ సవేరా’ 1944ల వచ్చింది, ‘బిసాత్-ఎ-రక్స్’కు 1969ల కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. తెలుగు సాహిత్యం సిలబస్‌ల ఆయన రాడు, ఉర్దూ సిలబస్‌ల దాశరథి రాడు. ఒకే ఊరి గాలి పీల్చినోళ్లను రెండు బిల్డింగులల్ల పెట్టినం. ఉర్దూ డిపార్ట్‌మెంట్ మన క్యాంపస్‌ల్నే ఉంటది గదా. ఒక్క చాయ్ తాగే దూరం. అక్కడి దోస్తును పిలిచి మఖ్దూం నజ్మ్ ఒకటి చదివించుకుంటే ఎవరొద్దంటరు?

ఆఖరుగ పని ముచ్చట. ప్రతి ఇంటి పన్నుల గ్రంథాలయ సెస్సు ఉంటది, రూపాయికి ఎనిమిది పైసలు. మన అమ్మ నాయిన కడుతున్నరు. ఆ పైసలతోని మన ఊరి లైబ్రరీకి ఏం కొత్త పుస్తకాలు వచ్చినయో అడిగే హక్కు మనకున్నది. జిల్లా గ్రంథాలయ సంస్థకు ఒక దరఖాస్తు రాయండ్రి. తెలంగాణ కవుల పుస్తకాల పేర్లు మీరే జాబితా పెట్టి ఇయ్యండ్రి. ఉద్యోగంల ఉన్న అన్నలు, అక్కలు దాని మీద ఒక సంతకం చేస్తే, దఫ్తర్‌ల ఆ కాగితం ఎక్కడ ఆగుతదో మీకు తెలుసు గనుక దాని ఎనుకబడితే, ఒక ఉపన్యాసం కంటె ఎక్కువ పని అయితది. గ్రూప్స్ చదివే దోస్తులకు గూడ ఒక మాట. మీరెట్లాగు కాళోజీని చదువుతున్నరు. ఆయన మీద బిట్లు పది చదివే టైముల ఆయన కవిత ఒకటి చదువుండ్రి. బిట్టు మరిచిపోతరేమో గాని కవిత మరిచిపోరు. మార్కుల లెక్కల చూసినా నష్టం లేదు.

మేం నలుగురం ఐతారం ఐతారం ఒక గంట కూసుంటున్నం. రూలు ఒక్కటే. సొంత కవిత చదువద్దు, వేరేటోళ్లది చదువాలె, గట్టిగ చదువాలె. అర్థం కాని మాటను దాటిపోవద్దు, ఇంటికి ఫోన్ చేసి అడగాలె. మొదటి ఐతారం నలుగురం, ఇప్పుడు పదకొండు మందిమి. అందుల ఇద్దరు ఇంజినీరింగ్ పోరగాండ్లు, ఒకామె లైబ్రరీల గ్రూప్స్ చదువుకుంట మా గొల్లు విని వచ్చింది.

నాకిచ్చిన టైము అయిపోయింది, సారు గడియారం చూస్తున్నడు. బసవపురాణం తెచ్చిన, ఈ బల్ల మీద పెడుతున్న. చాయ్ వచ్చేలోపు ఒక పది ద్విపదలు చదువుదాం. పాలకుర్తి, బమ్మెర దిక్కు నించి వచ్చిన చెల్లె గాని తమ్ముడు గాని ఉంటే ముందుకు రాండ్రి, మొదలు మీరే అందుకోవాలె.